కోవిడ్ సోకిన ఆటగాడికి ఫోన్‌లో ఏది అక్కరకొస్తుంది: బెంగళూరు తెలుగు రన్నర్ల కోసం ఒక రివ్యూ

ఆటగాడికి జ్వరం వస్తే మూడు ప్రశ్నలు పుడతాయి. ఈ మందు నాకు పనిచేస్తుందా? ఇది వేసుకుంటే డోప్ టెస్టులో చిక్కు వస్తుందా? మళ్లీ పరుగు ఎప్పుడు మొదలుపెట్టొచ్చు? మామూలు ఆరోగ్య యాప్‌లూ హెల్ప్‌లైన్లూ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై స్టేడియాలు, పార్కులు మూతపడ్డాక, మిగతా రెండింటికీ జవాబు చెప్పే కోచ్, ఫిజియో, టీమ్ డాక్టర్ ఒక్కసారిగా దూరమయ్యారు. చేతిలో మిగిలింది ఫోనే. అప్పుడు జనం పట్టుకున్న సేవల్లో ఆటగాడికి ఏది నిజంగా పనికొచ్చింది, ఏది కొంతవరకే పనికొచ్చింది, ఏది దారి తప్పించింది అన్నది ఇక్కడ రాస్తున్నాం. మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ వైపు ఉండి రాష్ట్రస్థాయి మీట్లకి తయారవుతున్న తెలుగు పిల్లలనీ, వారాంతాల్లో 10కె, హాఫ్ మారథాన్ పరుగెత్తే ఉద్యోగస్థులనీ దృష్టిలో పెట్టుకున్నాం. ఇంకో అల వచ్చినా, మామూలు ఫ్లూ సీజనైనా ఇదే వరుస.

ఏ సేవనైనా మేము చూసేది మూడే: జవాబు చెప్పిందెవరో పేరుందా, తేదీ ఉందా, మన మందుల షాపులో దొరికే సరుకుకి అది వర్తిస్తుందా.

మందుల విషయంలో మొదటి స్థానం నాడా వారి 'నో యువర్ మెడిసిన్' యాప్‌దే. నాడా అంటే జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ. అది 2020 జూన్ 30న తన మొదటి మొబైల్ యాప్ విడుదల చేసింది. మందుల తనిఖీకి ఇప్పుడు ఈ ప్రత్యేక యాప్ ఉంది. మందు పేరు టైప్ చేయొచ్చు, నోటితో చెప్పొచ్చు, ఫొటోతోనూ వెతకొచ్చు. మీ క్రీడ ఏదో చెప్పాలి. కొన్ని మందులు కొన్ని ఆటల్లోనే నిషేధం కాబట్టి ఆ గడి వదిలేస్తే జవాబు తేడా రావచ్చు. ఫలితం వచ్చాక పోటీ సమయానికి ఏమంటుందో, మిగతా రోజులకి ఏమంటుందో రెండూ చదవాలి. పోటీ సమయమంటే తుపాకీ పేలినప్పటి నుంచి కాదు, ముందు రోజు రాత్రి 11:59 నుంచే లెక్క.

ఈ యాప్ దగ్గర జరిగే పొరపాటు ఎప్పుడూ ఒక్కచోటే: బ్రాండ్ పేరుతో వెతికి సరిపెట్టుకోవడం. దగ్గు సిరప్‌లలో ఒకే బ్రాండ్ పేరు వెనక ప్లస్, డీ, ఎల్ఎస్, ఎస్ఎఫ్ లాంటి తోకలు మారుతుంటాయి. తోక మారితే లోపలి మందే మారిపోవచ్చు. కాబట్టి సీసా తిప్పి, వెనక 'ప్రతి 5 మి.లీ.లో' అని మొదలయ్యే చిన్న అక్షరాలు చదవాలి. మన షాపుల్లో విరివిగా అమ్ముడయ్యే ఒక రకం సిరప్‌లో ఆ వరుస ఇలా ఉంటుంది: టెర్బుటాలిన్ సల్ఫేట్ 1.25 మి.గ్రా., బ్రోమ్‌హెక్సిన్ 4 మి.గ్రా., గ్వైఫెనెసిన్ 50 మి.గ్రా., కొంచెం మెంథాల్. వీటిలో చివరి మూడింటితో ఏ ఇబ్బందీ లేదు. మొదటిది బీటా-2 అగోనిస్ట్, అంటే ఊపిరి గొట్టాలని సడలించే రకం మందు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) జాబితాలో అది పోటీ ఉన్నా లేకపోయినా, ఏడాది పొడవునా నిషేధం. పొరపాటున తాగారని తేలినా 2 ఏళ్ల వరకు సస్పెన్షన్ పడొచ్చు. ఇదే కుటుంబంలోని సాల్బుటమాల్‌కి మాత్రం ఇన్‌హేలర్ రూపంలో మినహాయింపు ఉంది: 24 గంటల్లో 1,600 మైక్రోగ్రాములు దాటకూడదు, ఏ 8 గంటల్లోనూ 600 దాటకూడదు. అదే సాల్బుటమాల్ సిరప్‌గానో మాత్రగానో మింగితే నిషేధమే. పొడి దగ్గుకి డెక్స్ట్రోమెథార్ఫాన్, కఫానికి ఆంబ్రాక్సాల్ ఒంటరిగా ఉన్న సిరప్‌లు నిషేధ జాబితాలో లేవు. పారాసెటమాల్, సెటిరిజిన్, అజిత్రోమైసిన్ కూడా లేవు. షాపులో అడిగేటప్పుడు 'దగ్గు మందు ఇవ్వండి' అనకుండా 'టెర్బుటాలిన్, సాల్బుటమాల్ లేనిది కావాలి' అనండి. ఆ ఒక్క మాటకి ఎంతో విలువ ఉంది.

స్టెరాయిడ్ల సంగతి ఇంకొంచెం ఓపిగ్గా చూడాలి. 2020 జూన్‌లో బ్రిటన్‌లోని 'రికవరీ' అనే ట్రయల్ డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 6 మి.గ్రా. ఇస్తే ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు తగ్గాయని తేల్చింది. ఆక్సిజన్ అవసరం పడనివాళ్లకి లాభం లేదని కూడా అదే ట్రయల్ చెప్పింది. రెండో అలలో వాట్సాప్‌లో తిరిగిన ప్రిస్క్రిప్షన్లలో ఈ రెండో సగం మాయమైంది. జ్వరం వచ్చిన రెండో రోజే ఇంట్లో స్టెరాయిడ్ మొదలుపెట్టినవాళ్లున్నారు. ఆటగాడికి ఇందులో రెండు నష్టాలు. ఒకటి ఆరోగ్యానికి. రెండోది, నోటితో గానీ ఇంజెక్షన్‌గా గానీ తీసుకున్న గ్లూకోకార్టికాయిడ్లు, అంటే ఈ రకం స్టెరాయిడ్లు, పోటీ సమయంలో నిషేధం. ఇంజెక్షన్ ఏ దారిన ఇచ్చినా నిషేధమేనన్న నిబంధన 2022 జనవరి 1 నుంచి ఉంది. మాత్రలు ఆపాక చాలావాటికి కనీసం 3 రోజుల వ్యవధి కావాలని, ట్రయామ్సినొలోన్‌కి 10 రోజులని వాడా పట్టిక చెబుతుంది. కండలోకి ఇచ్చే ఇంజెక్షన్లకి వ్యవధి ఇంకా ఎక్కువ. బుడెసొనైడ్ ఇన్‌హేలర్‌ని కంపెనీ చెప్పిన మోతాదులో పీలిస్తే అనుమతి ఉంది. ఇక్కడ యాప్ జవాబు సరిగ్గానే వస్తుంది, కానీ మందు ఏ దారిన ఒంట్లోకి వెళ్తోందో మీరే చూసి ఎంచుకోవాలి.

సెలైన్ గురించి ఏ యాప్‌లో వెతకాలో కూడా చాలామందికి తోచదు. నీరసంగా ఉందని ఇంటికి నర్సుని పిలిపించుకుని సెలైన్ పెట్టించుకోవడం, విటమిన్ సీ డ్రిప్ ఎక్కించుకోవడం బెంగళూరులో ఫోన్ మీద బుక్ చేసుకునే పని. మామూలు సీసా 500 మి.లీ. వాడా నియమం ప్రకారం 12 గంటల్లో 100 మి.లీ. మించి నరం ద్వారా ఏది ఎక్కించినా నిషేధమే, అందులో ఉన్నది వట్టి ఉప్పునీరైనా సరే. ఆస్పత్రి చికిత్సలో, ఆపరేషన్‌లో, వైద్య పరీక్షలో భాగంగా ఎక్కించినదానికే మినహాయింపు. ఇంట్లో పడక మీద ఎక్కించుకున్నది ఆ లెక్కలోకి రాదు. తాగగలిగే స్థితిలో ఉంటే ఓఆర్‌ఎస్ తాగండి. తాగలేనంత నీరసముంటే ఇంట్లో డ్రిప్‌తో ఆగకుండా ఆస్పత్రికే వెళ్లాలి.

ఆస్పత్రిలో నిషేధ మందు ఇవ్వక తప్పకపోతే ప్రాణమే ముఖ్యం, వేయించుకోండి. అత్యవసర చికిత్సకి తర్వాత కూడా టీయూఈ, అంటే చికిత్స కోసం మినహాయింపు, అడగొచ్చు. అందుకు డిశ్చార్జ్ సమ్మరీ, ప్రిస్క్రిప్షన్, ఆక్సిజన్ రీడింగుల చార్టు కావాలి. డిశ్చార్జ్ హడావుడిలో ఇంటివాళ్లు బిల్లు ఒక్కటే తెచ్చుకుంటారు, కాబట్టి ఈ మూడూ కావాలని ముందే చెప్పి ఉంచాలి.

నాడా యాప్‌కి ఒక హద్దుంది. అది మందులకే గానీ కషాయాలకీ సప్లిమెంట్లకీ హామీ ఇవ్వదు. ఆయుష్ వారి కషాయంలో ఉన్నవి తులసి 4 పాళ్లు, దాల్చిన చెక్క 2, శొంఠి 2, మిరియాలు 1. వంటింటి దినుసులే, భయం లేదు. తిప్పతీగ దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. మన తిప్పతీగ టైనోస్పోరా కార్డిఫోలియా. దాన్నే పోలి ఉండే టైనోస్పోరా క్రిస్పా అనే మరో తీగలో హైజినమైన్ ఉంటుంది. అది వాడా జాబితాలో పేరుపెట్టి రాసిన బీటా-2 అగోనిస్ట్. ఈ రెండు తీగల్నీ తికమక పడొద్దని ఆయుష్ శాఖ కూడా హెచ్చరించింది, అయితే అక్కడ మాట కాలేయం గురించి. పొడిగా కొట్టి డబ్బాలో పెట్టాక ఏ తీగో కళ్లతో చెప్పలేం. పెరట్లో తీగ చూసి గుర్తుపట్టే పెద్దవాళ్లు ఊళ్లో ఉంటారు, బెంగళూరు అపార్ట్‌మెంటుకి వచ్చేది డబ్బానే. డోప్ టెస్టు జాబితాలో ఉన్న ఆటగాడు దాన్ని మానేయడమే మంచిది.

విదేశీ కోచ్‌లు తరచూ పంపే లింకు 'గ్లోబల్ డీఆర్ఓ', మందు నిషేధమో కాదో చూసుకునే సైటు. మంచి సైటే, వెతికిన తేదీతో రిఫరెన్స్ కూడా ఇస్తుంది. కానీ అది పనిచేసేది బ్రిటన్, అమెరికా, కెనడా, జపాన్, స్విట్జర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో కొన్న మందులకి. మొదటి పేజీలోనే ఏ దేశంలో కొన్నారని అడుగుతుంది, ఆ వరుసలో భారత్ లేదు. ఏదో ఒక దేశం నొక్కి ముందుకెళ్లి, పేరు కలిసింది కదా అని ఫలితం నమ్మితే ప్రమాదం, ఎందుకంటే దేశం మారితే అదే పేరు కింద వేరే మందు ఉండొచ్చు. ఔషధం అసలు పేరుతో రెండో అభిప్రాయంలా చూసుకోవడానికి బాగుంటుంది, అంతకు మించి కాదు.

డాక్టర్‌తో మాట్లాడే సేవల్లో ప్రభుత్వం వారి ఈ-సంజీవని ఓపీడీకి మంచి మార్కులే ఇస్తాం. 2020 ఏప్రిల్ 13న మొదలైంది, ఉచితం. మొబైల్ నంబరు, ఓటీపీ, రోగి వివరాలు, టోకెన్, క్యూ, వంతు వచ్చాక వీడియో, చివర్లో ఈ-ప్రిస్క్రిప్షన్. అది జనరల్ ఓపీడీ కోసం కట్టిన సేవ, అవతలి డాక్టర్‌కి మీరు ఆటగాడని తెలియదు. మీరు చెప్పకపోతే టెర్బుటాలిన్ సిరప్ రాయడంలో ఆయన తప్పేం లేదు. క్యూలో ఉండగానే ఐదు లైన్లు రాసి పెట్టుకోండి: జ్వరం మొదలైన తేదీ, మామూలు రోజుల్లో ఉదయం పల్స్ ఎంత, ఇప్పుడెంత, వారానికి ఎన్ని గంటలు సాధన, డోప్ టెస్టు పరిధిలో ఉన్నారా, ఇప్పటికే ఏం మింగారు. కర్ణాటక ఓపీడీలో తెలుగు వచ్చిన డాక్టరే తగులుతారని నమ్మకం పెట్టుకోకుండా, ఆ ఐదూ ఇంగ్లిష్‌లో రాసి ఉంచుకుంటే కాల్ సజావుగా సాగుతుంది.

ప్రైవేటు టెలీ కన్సల్టేషన్‌కి కూడా కొలత ఒకటుంది. 2020 మార్చి 25న వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం డాక్టర్ తన పేరు, అర్హత చెప్పాలి, ప్రిస్క్రిప్షన్ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. పారాసెటమాల్, ఓఆర్‌ఎస్ లాంటివి ఫోన్ కాల్ మీదైనా రాయొచ్చు. మరికొన్ని మందులు మొదటిసారి రాయాలంటే వీడియో ఉండాలి. మత్తు మందులు, షెడ్యూల్ ఎక్స్ మందులు (అమ్మకం మీద కఠిన నియంత్రణ ఉన్నవి) అసలు రాయకూడదు. చాట్‌లో రెండు ప్రశ్నలడిగి నంబరు లేని ప్రిస్క్రిప్షన్ పంపే సేవని అక్కడితో వదిలేయండి.

హెల్ప్‌లైన్ల మాట క్లుప్తంగా. కోవిడ్ రోజుల్లో కర్ణాటక ఆప్తమిత్ర నంబరు 14410, ఆంధ్రప్రదేశ్ వైఎస్సార్ టెలీమెడిసిన్ నంబరూ 14410. ఊరి సిమ్ కార్డు పెట్టుకుని బెంగళూరులో ఉండేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. ఫోన్ ఎత్తగానే 'ఇది ఏ రాష్ట్రం డెస్క్?' అని అడగడం అలవాటు చేసుకోవాలి. ఎందుకంటే బెంగళూరులో ఆస్పత్రి మంచం దొరకాలంటే బీబీఎంపీ, అంటే నగర పాలికె, కోవిడ్ రోగికి ఇచ్చే బీయూ నంబరు అడిగేవారు, పక్క రాష్ట్రం డెస్కుకి దాని సంగతి తెలిసే అవకాశం తక్కువ. ఆరోగ్య సేతు ఎవరు దగ్గర్లో ఉన్నారో చెప్పడానికి పుట్టింది, ఆటగాడి మూడు ప్రశ్నల్లో దేనికీ దాని దగ్గర జవాబు లేదు.

ఫోన్‌కి తోడుగా కొనాల్సిన పరికరం పల్స్ ఆక్సిమీటర్ ఒక్కటే. దీని అవసరం బెంగళూరులోనే బాగా కనబడింది. 2020 ఆగస్టులో సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలోని హాకీ ఆటగాళ్లకి కోవిడ్ సోకినప్పుడు లక్షణాలు లేని మన్‌దీప్ సింగ్‌కి రక్తంలో ఆక్సిజన్ తగ్గినట్టు రోజువారీ పరీక్షల్లో బయటపడి, ఆగస్టు 10న ఆస్పత్రికి మార్చారు. దేశం తరఫున ఆడే కుర్రాడికే అలా జరిగింది. 'నాకు స్టామినా ఉంది, నాకేం కాదు' అనుకునే రన్నర్ ఆ తేదీ గుర్తుపెట్టుకోవాలి. చేతులు వెచ్చగా ఉండాలి, నెయిల్ పాలిష్, గోరింటాకు లేని వేలు ఎంచుకోవాలి, ఐదు నిమిషాలు కూర్చున్నాక వేలు పెట్టి, అంకె కుదురుకునే వరకు ఆగాలి. తర్వాత ఇంట్లోనే 6 నిమిషాలు నడిచి మళ్లీ చూడాలి. 94 కన్నా తగ్గినా, నడకకి ముందున్న అంకె కన్నా 3 పైగా పడిపోయినా డాక్టర్‌కి చెప్పాలి. బాగా సాధన చేసేవాళ్లకి పల్స్ 45 చూపిస్తే అది వాళ్లకి మామూలే కావొచ్చు. రోజూ 48 ఉండేవాళ్లకి 66 వస్తే, యాప్ పచ్చరంగు చూపించినా ఒంట్లో ఏదో ఉందని అర్థం. స్మార్ట్ వాచీ ఇచ్చే ఆక్సిజన్ అంకెని చికిత్స నిర్ణయాలకి వాడొద్దు. పల్స్ ఎటు పోతోందో చూడడానికి వాచీ బాగుంటుంది.

ఇక మూడో ప్రశ్న, తిరిగి పరుగు. ఇంటర్నెట్ ఎక్కువగా దారి తప్పించింది ఇక్కడే, కారణం తేదీలు. 2020 జులైలో జర్మనీ నుంచి ఒక అధ్యయనం వచ్చింది: కోవిడ్ తగ్గిన 100 మందికి గుండె ఎంఆర్ఐ తీస్తే 78 మందిలో ఏదో ఒక తేడా కనబడిందని. వాళ్లు ఆటగాళ్లు కారు, సగటు వయసు 49. ఆ వాక్యం మాత్రం యూట్యూబ్ థంబ్‌నెయిళ్లలో కుర్ర రన్నర్ల బొమ్మలతో తిరిగింది. 2021లో అమెరికా కాలేజీ ఆటగాళ్ల రిజిస్ట్రీ వచ్చింది: కోవిడ్ సోకిన 3,018 మందిలో గుండె మీద ప్రభావం ఖాయంగానో అనుమానంగానో కనబడింది 21 మందిలో. రెండూ నిజమైన పరిశోధనలే. మొదటిదొక్కటే చదివినవాడు ఆరు నెలలు మంచం దిగడు, ఏదీ చదవనివాడు జ్వరం తగ్గిన మర్నాడే ఇంటర్వెల్స్ (మధ్యలో ఆగుతూ వేగంగా పరుగెత్తే సాధన) చేస్తాడు.

ఈ విషయంలో మేము సిఫారసు చేసేది బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2020లో ఇచ్చిన ఒక పేజీ పట్టిక. మొదట కనీసం 10 రోజుల విశ్రాంతి, అందులో చివరి 7 రోజులు లక్షణాలు లేకుండా, పారాసెటమాల్ లాంటి మందులు కూడా లేకుండా ఉండాలి. ఆ తర్వాత 2 రోజులు, గరిష్ఠ పల్స్‌లో 70 శాతం లోపు, 15 నిమిషాలు మించకుండా నడక, తేలిక జాగింగ్, సైకిల్. తర్వాత ఒక రోజు 80 శాతం లోపు 30 నిమిషాలు, మర్నాడు అదే తీవ్రతలో 45 నిమిషాలు, ఆపైన 2 రోజులు 60 నిమిషాలు. అన్నీ సాఫీగా సాగితే 17వ రోజు నుంచి మామూలు సాధన. ఏ మెట్టు మీదైనా ఆయాసం, దడ, ఛాతీ నొప్పి, మామూలుకి మించిన అలసట వస్తే ఆపేసి డాక్టర్‌ని కలవాలి. 2022లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ ఈ పట్టు సడలించింది: లక్షణాలే లేనివాళ్లకి 3 రోజుల విరామం, తేలిక లక్షణాలున్నవాళ్లకి అవి తగ్గేవరకు విరామం. ఛాతీ నొప్పి, దడ, స్పృహ తప్పడం లాంటివి ఉన్నవాళ్లకి మాత్రం ఈసీజీ, ఎకో, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిన్నదేమో చూసే రక్తపరీక్ష) మూడూ చేయమంది. మా అభిప్రాయం చెప్పాలంటే, రోజులు కొత్తవి తీసుకోండి, మెట్లు పాతవి ఉంచుకోండి. మెట్లెక్కడంలో పోయేదేమీ లేదు, అడుగు తప్పితే వెంటనే తెలుస్తుంది.

గుండె పరీక్షలకి బన్నేరుఘట్ట రోడ్డులోని జయదేవ ఆస్పత్రి ఉంది, ప్రభుత్వ సంస్థే. ఎక్కడ చేయించుకున్నా ఒక మాట ముందే చెప్పాలి: వారానికి ఎన్ని గంటలు, ఎన్నేళ్లుగా సాధన చేస్తున్నారన్నది. నెమ్మది పల్స్, ఈసీజీ గీతలో ఎస్‌టీ అనే భాగంలో కొన్ని రకాల మార్పులు బాగా సాధన చేసిన గుండెలో సహజం, ఈసీజీ యంత్రం మాత్రం వాటి పక్కన 'అబ్‌నార్మల్' అని అచ్చు వేసేస్తుంది. ఆ కాగితం ఫొటో తీసి గ్రూపులో పెట్టి తీర్పు అడగొద్దు. కోవిడ్‌కి ముందు తీయించిన ఈసీజీ ఏదైనా ఉంటే పక్కన పెట్టి చూడమని డాక్టర్‌ని అడగండి, పోల్చి చూడడానికి అంతకన్నా మంచిది లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అపోహల పేజీ చక్కగా ఉంటుంది, బొమ్మలతో, తక్కువ మాటల్లో. వ్యాయామం చేసేటప్పుడు మాస్క్ వద్దని, చెమటకి తడిసి ఊపిరి కష్టమవుతుందని అందులో ఉండేది. అదే 2020 అక్టోబరులో బెంగళూరులో మాస్క్ లేకపోతే 250 రూపాయల జరిమానా. ఆ పేజీ చూపించి జరిమానా వేసే పాలికె మార్షల్‌తో వాదిస్తే లాభం లేదు. వైద్యం సంగతి అక్కడ చూడాలి, రూలు సంగతి పాలికె ఉత్తర్వులో చూడాలి.

పోటీలు వాయిదా పడ్డప్పుడు ఆటగాళ్లు రాత్రుళ్లు నిద్రపట్టక వెతికినవాటిలో ఒంటి సంగతులు సగమే. టోక్యో ఒలింపిక్సే ఏడాది వెనక్కి జరిగాయి, రాష్ట్రస్థాయి కుర్రాళ్లకి వయసు విభాగమే దాటిపోయింది. అప్పట్లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ హెల్ప్‌లైన్ ఆదుకుంది. 2022 అక్టోబరు నుంచి మనసు బాధలకి టెలీ-మానస్ హెల్ప్‌లైన్ ఉంది: 14416, ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది. తెలుగులో మాట్లాడొచ్చు, మొదట్లోనే భాష అడుగుతుంది. నిద్రమాత్ర గురించి అక్కడ మాట వస్తే, దాని పేరు రాసుకుని నాడా యాప్‌లో చూశాకే కొనండి.